చోళ్లన్నా తైదలన్నా

మా అమ్మమ్మగారి ఊరు విజయనగరం పక్కన. ఎండాకాలం సెలవులకి వెళ్తే పొద్దున్నే చోడంబలి తాగించేది. పెద్దయ్యాక హైదరాబాద్‌లో అద్దెకున్నప్పుడు ఇంటి ఓనరమ్మ "తైదల అంబలి చేసిన, జెర తాగు బిడ్డా" అని గ్లాసు చేతిలో పెడితే, ఇదేదో ఇక్కడి ప్రత్యేకమైన తిండి అనుకుని మొహమాటంగా అందుకున్నాను. ఒక్క గుక్కకే అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆ తర్వాత అనంతపురం స్నేహితుడింట్లో రాగిసంకటి తిన్నప్పుడు ఇక ఆశ్చర్యపోలేదు. చోళ్లు, తైదలు, రాగులు ఒకటే గింజని నా నాలుకే నాకు చెప్పింది. కంప్యూటర్‌కి నాలుక ఉండదు.

ఈ గింజ మీద ప్రపంచంలో చాలాచోట్ల పరిశోధన జరుగుతోంది. మన శాస్త్రవేత్తల్లో కొందరు 'రాగి' అనే రాస్తారు. కొందరు 'ఫింగర్ మిల్లెట్' అంటారు. ఇథియోపియాలో అది 'దగుసా', కెన్యాలో 'వింబి', నేపాల్‌లో 'కోదో', వృక్షశాస్త్రజ్ఞుల నోట 'ఎల్యూసైన్ కొరకానా'. రాగుల్లో కాల్షియం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టిన అమ్మాయి ఒకామె 'రాగి' అని కొట్టి వెతికితే నలభై వ్యాసాలు వచ్చాయనుకుందాం. నలభై అంటే తక్కువేం కాదు, చదువుకుంటూ కూర్చుంటుంది. వేరే పేరుతో రాసినందుకు రాకుండా పోయినవి ఎన్నో ఆమెకు తెలిసే దారే లేదు. వచ్చినవాటిని లెక్కపెట్టొచ్చు గానీ రానివాటిని ఎలా లెక్కపెడతాం?

రాగిసంకటి ఎలా చెయ్యాలో వెతికేవాడికి ఇదొక సమస్యే కాదు. మంచి వీడియో ఒకటి దొరికితే వాడి పని అయిపోయినట్టే. ఒక మందు ఇదివరకు ఎవరి ఊపిరితిత్తులనైనా దెబ్బతీసిందా అని వెతికే డాక్టరు సంగతి వేరు. అతనికి కొన్ని చాలవు, ఉన్నవన్నీ కావాలి. ఆ 'అన్నీ' కోసమే లైబ్రేరియన్లూ, ఇండెక్సింగ్ చేసేవాళ్లూ తరాలుగా తంటాలు పడుతున్నారు. ఒక విషయానికి ఎన్ని పేర్లున్నా అందులో ఒకదాన్ని అధికారిక పదంగా తీసుకుని, ఆ విషయం మీద వచ్చిన ప్రతి వ్యాసానికీ ఆ పదమే తగిలించడం వాళ్ల పద్ధతి. వ్యాసం లోపల రచయిత ఏ పేరు వాడాడన్నది వాళ్లకి పట్టదు. అలా ఒప్పుకున్న పదాల జాబితాని నియంత్రిత పదజాలం అంటారు. ఆ పదాల మధ్య చుట్టరికాలు కూడా రాసిపెడితే అది థిసారస్ అవుతుంది.

థిసారస్ అంటే గ్రీకులో ఖజానా. 1852లో పీటర్ మార్క్ రోజే అనే ఇంగ్లీషు డాక్టరు తన పుస్తకానికి ఆ పేరు పెట్టాక అది పర్యాయపదాల పుస్తకానికి మారుపేరైపోయింది. మనకైతే అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అమరకోశం ఉంది. అది అక్షరక్రమంలో ఉండదు, విషయాన్నిబట్టి వర్గాలుగా ఉంటుంది. స్వర్గం, ఆకాశం, దిక్కులు, కాలం, నేల, ఊరు, కొండ, అడవి మొక్కలు, జంతువులు, మనుషులు, వాళ్ల వృత్తులు. అందులో పసుపు ఎక్కడుందో వెతికితే తమాషాగా ఉంటుంది. మొక్కే కదా అని వనౌషధి వర్గంలో చూస్తాం. అక్కడ కాదు, వైశ్యవర్గంలో ఉంటుంది, మిరియాలూ జీలకర్రా శొంఠీ పక్కన. ఆ కోశం రాసిన అమరసింహుడి లెక్కలో పసుపు అడవిలో మొలిచేది కాదు, అంగట్లో అమ్మేది. ఇంకో చమత్కారం కూడా చేశాడు. రాత్రికి ఉన్న పేర్లన్నీ పసుపుకీ చెల్లుతాయని ఒక్క సమాసంలో చెప్పి ఊరుకున్నాడు. నిశ, రజని అంటే పసుపు కూడా. ఇవాళ సెర్చ్ ఇంజన్లు రాసేవాళ్లు దీన్ని చూస్తే, ఒక జాబితాని ఇంకో జాబితాకి లింక్ చేశాడే అని ముచ్చటపడతారు.

అయితే అమరకోశానికీ, రోజే పుస్తకానికీ, నేను చెప్పబోయే థిసారస్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. మొదటి రెండూ కవికీ రచయితకీ మాటలు అందించేవి. ఒక భావానికి పది మాటలు చూపించి, నీ ఛందస్సుకి ఏది కుదిరితే అది వాడుకో అంటాయి. ఇండెక్సింగ్ థిసారస్ ఆ పదింటినీ చూసి ఒకదాన్నే గద్దె మీద కూర్చోబెడుతుంది. మిగతా తొమ్మిదినీ పారేయదు, గద్దె వైపు వేలు చూపించే బోర్డుల్లా నిలబెడుతుంది. పదాల్ని పోగుచేయడం ఓపికున్న ఎవరైనా చేసే పని. ఒకదాన్ని ఎంచుకోవడంలోనే తగువంతా ఉంది.

వరి సంగతే చూడండి. పొలంలో ఉంటే వరి, కళ్లంలో వడ్లు, బస్తాలో బియ్యం, కంచంలో అన్నం. ఇంగ్లీషువాడికి అన్నీ 'రైస్'. ఆహార వ్యవసాయ సంస్థ 1980ల మొదట్లో రోమ్‌లో 'అగ్రోవాక్' అనే వ్యవసాయ థిసారస్ మొదలుపెట్టినప్పుడు ఈ చిక్కు తప్పించుకోలేకపోయింది. మొక్కకు తెగులు వచ్చిందన్న వ్యాసమూ, బియ్యం ఎగుమతి ధరల మీద వ్యాసమూ ఒకే మాట కింద పడితే రెండు వర్గాలవాళ్లకీ విసుగే. అందుకని అగ్రోవాక్‌లో 'ఒరైజా సటైవా' అనే మొక్కకి ఒక చోటు, 'రైస్' అనే సరుక్కి ఇంకో చోటు ఇచ్చారు. పసుపుని అడవిలోంచి అంగట్లోకి తెచ్చిన అమరసింహుడి ఎదుట ఉన్న ప్రశ్నే ఇది. ఆయన ఒక చోటే ఎంచుకున్నాడు, వీళ్లు రెండు చోట్లా పెట్టి మధ్యలో తాడు కట్టారు.

అగ్రోవాక్‌లో ఇప్పుడు 40 వేలకు పైగా భావనలున్నాయి, 40కి పైగా భాషల్లో వాటి పేర్లున్నాయి. ఆ భాషల్లో తెలుగు కూడా ఒకటి. 'భావన' అన్న మాట ఊరికే వాడలేదు. పాత థిసారస్‌లలో గద్దె మీద ఒక పదం ఉండేది. ఇప్పుడు గద్దె మీద ఉన్నది ఒక నంబరు. అగ్రోవాక్‌లో మొక్కజొన్న అనే సరుకు నంబరు 12332. ఆ నంబరుకి ఇంగ్లీషులో 'మెయిజ్' అనే అధికారిక పేరు తగిలించారు, ఫ్రెంచిలో ఇంకోటి, అలాగే ప్రతి భాషకీ ఒకటి. అమెరికావాళ్లు 'కార్న్' అంటారుగా, అది బోర్డు పదం. ఎందుకంటే పాత బ్రిటిష్ వాడుకలో కార్న్ అంటే గోధుమ కూడా కావచ్చు, ఏ ధాన్యమైనా కావచ్చు. ఒక మాట రెండు దేశాల్లో రెండు పంటలైతే దాన్ని గద్దె ఎక్కించకపోవడమే మంచిది. పైగా నంబరుకి భాషలేదు, ప్రాంతం లేదు. మక్కలా మొక్కజొన్నా అన్న పంచాయితీ దాని దగ్గరికి రాదు.

ప్రతి భావన పక్కనా మూడు రకాల చుట్టాలుంటారు. తనకన్నా పెద్ద విషయం పై పదం, తనలో ఇమిడే చిన్న విషయం కింది పదం, పక్కవాటా మనిషి లాంటిది సంబంధిత పదం. ఆ రంగంవాళ్లు వీటిని బీటీ, ఎన్‌టీ, ఆర్‌టీ అని పొడి అక్షరాల్లో పిలుస్తారు. వరి అగ్గితెగులుకి శిలీంధ్ర వ్యాధులు పై పదం అనుకుంటే, దాన్ని తట్టుకునే వంగడాల ప్రజననం సంబంధిత పదం. ఈ పద్ధతిని ఎలా పాటించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ఓ 25964. అది 2011, 2013లలో రెండు భాగాలుగా వచ్చింది. చదవడానికి ఎంత రుచిగా ఉంటుందో మాత్రం నన్నడగొద్దు.

ఇండెక్సర్ బల్ల దగ్గర అసలు ఏం జరుగుతుందో అగ్గితెగులుతోనే చూద్దాం. వరి ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు, ముదిరితే చేను కాలినట్టు కనపడుతుంది. వెన్ను దగ్గర వస్తే మెడవిరుపు అంటారు. ఒక బ్యాక్టీరియాని చల్లి ఈ తెగులుని అణచవచ్చని చెప్పే వ్యాసం ఒకటి బల్ల మీదికి వచ్చిందనుకుందాం. శీర్షిక 'పాత శత్రువుపై కొత్త మిత్రుడు' తరహాలో ఉంటే ఆశ్చర్యం లేదు, శాస్త్రవేత్తలకీ సరదాలుంటాయి. శీర్షికలో వరి లేదు, తెగులు లేదు, బ్యాక్టీరియా లేదు. ఇండెక్సర్ లోపలికెళ్లి చదువుతాడు. మొక్క ఏది, జబ్బు ఏది, జబ్బు తెచ్చే శిలీంధ్రం ఏది, దాన్ని అణచిన జీవి ఏది, పద్ధతి జీవ నియంత్రణ, ప్రయోగం చేసిన ప్రాంతం ఏది. ఒక్కొక్కదానికీ థిసారస్‌లో పదం వెతికి రాస్తాడు. మూడో పేజీలో రసాయన మందుల గురించి రెండు వాక్యాలుంటే వాటిని వదిలేస్తాడు. రసాయన మందుల కోసం వెతికేవాడు ఈ వ్యాసం తెరిస్తే తిట్టుకుంటాడా, సంతోషిస్తాడా అని తనని తాను అడుగుతాడు. తిట్టుకుంటాడనిపిస్తే ఆ పదం పెట్టడు. వ్యాసంలో ఒక మాట వచ్చినంత మాత్రాన వ్యాసం దాని గురించి అయిపోదు. మామూలు సెర్చ్ తడబడేది ఇక్కడే.

శిలీంధ్రం దగ్గరికొచ్చేసరికి ఇండెక్సర్‌కి ఇంకో తలనొప్పి. లాటిన్ పేరైతే ఎప్పటికీ మారదని మనకో నమ్మకం. అగ్గితెగులు శిలీంధ్రాన్ని ముందు 'పిరిక్యులేరియా ఒరైజే' అనేవారు. దానిలో లైంగిక దశ బయటపడ్డాక 'మాగ్నపోర్తే గ్రిసియా' అన్నారు. 2002లో వరి మీద బతికేది వేరే జాతి అని తేల్చి 'మాగ్నపోర్తే ఒరైజే' అన్నారు. ఇప్పుడు మళ్లీ పాత పిరిక్యులేరియా పేరే ఉంచుదామని శిలీంధ్రశాస్త్రజ్ఞుల్లో పెద్దలు చెబుతున్నారు. రైతు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అగ్గితెగులనే అంటున్నాడు. ఈ విషయంలో శాస్త్రం కన్నా ఊరి మాటే నిలకడగా ఉందంటే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. మూడు పేర్లలో ఏదో ఒకటి కొట్టి వెతికితే కొన్ని దశాబ్దాల పరిశోధన మొత్తం జారిపోతుంది. థిసారస్ ఉన్నచోట ఏ పేరు కొట్టినా అన్నీ వస్తాయి, మూడూ ఒకే నంబరుకి వేలు చూపిస్తాయి కాబట్టి.

ఈ పనిని అన్నిటికన్నా భారీగా చేసింది వైద్యశాస్త్రం. అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ అనే సైనిక వైద్యుడు 1879లో 'ఇండెక్స్ మెడికస్' మొదలుపెట్టాడు, ప్రపంచంలో వస్తున్న వైద్య వ్యాసాలన్నిటికీ నెలనెలా సూచిక. 1960లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం దానికోసం 'మెడికల్ సబ్జెక్ట్ హెడింగ్స్' అనే పదజాలం తెచ్చింది. అందరూ దాన్ని 'మెష్' అంటారు. మొదట్లో 4,400 దాకా ఉన్న పదాలు ఇప్పుడు 30 వేలు దాటాయి. ఆ గ్రంథాలయం వెబ్‌సైటు పబ్‌మెడ్‌లో వైద్య వ్యాసం వెతికిన ప్రతివాడూ తెలిసో తెలియకో మెష్ గుండా వెళ్లినవాడే. 'హార్ట్ ఎటాక్' అని కొడితే పబ్‌మెడ్ లోలోపల దాన్ని 'మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్' అని కూడా మార్చుకుని వెతుకుతుంది. 'విటమిన్ సి' అంటే 'ఆస్కార్బిక్ యాసిడ్' దగ్గరికి వెళ్తుంది. 'క్యాన్సర్' అంటే 'నియోప్లాజమ్స్' తలుపు తడుతుంది.

మెష్ ఒక చెట్టు. చెట్టంటే ఒక వేరు, ఒక కాండం అనుకోకండి, మర్రిలా ఊడలు కలుస్తుంటాయి. గుండెపోటు చిరునామాల్లో ఒకటి సి14.280.647.500. ఆ అంకెల్ని ఎడమనుంచి చదివితే గుండె, రక్తనాళాల జబ్బుల్లో గుండె జబ్బులు, వాటిలో గుండెకు రక్తం చాలకపోవడం, దానిలో గుండెపోటు. అదే గుండెపోటుకి రక్తనాళాల జబ్బుల కొమ్మ మీద ఇంకో ఇల్లుంది. జబ్బు రెండింటికీ చెందినదే కదా. ఈ చెట్టు వల్ల ఒక గొప్ప వెసులుబాటు ఉంది. 'గుండె జబ్బులు' అని వెతికితే, ఆ మాట ఎక్కడా రాయకుండా కవాటాల గురించి మాత్రమే రాసిన వ్యాసం కూడా వచ్చేస్తుంది. కొమ్మ పట్టుకుని ఊపితే దాని రెమ్మల మీదున్న కాయలన్నీ రాలతాయి. లైబ్రేరియన్లు దీన్ని 'ఎక్స్‌ప్లోడ్' చేయడం అంటారు.

పదం పక్కన చిన్న తోకలు కూడా తగిలిస్తారు. ఏదైనా జబ్బుకి మందుల చికిత్స, శస్త్రచికిత్స, రోగనిర్ధారణ, ఇలా. ఈ ముక్కలు కలిపే ఆలోచన వింటే గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గుర్తుకు రాకుండా ఉండరు. 1924లో లండన్ వెళ్లినప్పుడు సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో ఆయన మెకానో బొమ్మల సెట్టు చూశారు. అవే రేకు ముక్కలతో వంతెన, క్రేను, బండి, ఏది కావాలంటే అది తయారవుతోంది. విషయాలకి కూడా ముందే తయారైన పెట్టెలు ఎందుకు, ముక్కలు ఇస్తే కావలసినట్టు కలుపుకోవచ్చు కదా అనిపించింది ఆయనకి. 1933లో వచ్చిన కోలన్ వర్గీకరణ ఆ ఆలోచన ఫలితమే.

ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే మందు గురించి వెతికే డాక్టరు సంగతి మొదట్లో ఊరికే అనలేదు. 2001లో అమెరికాలోని ఒక పేరున్న వైద్య విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద ఒక ప్రయోగం జరిగింది. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల చేత హెక్సామెథోనియం అనే మందు పీల్పించారు. వాళ్లలో 24 ఏళ్ల ల్యాబ్ టెక్నీషియన్ ఒకామె ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. ప్రయోగం మొదలుపెట్టేముందు పరిశోధకుడు పబ్‌మెడ్ వెతకకపోలేదు. కానీ ఆ రోజుల్లో పబ్‌మెడ్ వెనక్కి వెళ్తూ 1966 దగ్గరే ఆగిపోయేది. ఈ మందు ఊపిరితిత్తులకి చేసే హాని గురించి వ్యాసాలు వచ్చింది 1950లలో. అవి ఇండెక్స్ మెడికస్ కాలపు పాత అచ్చు సంపుటాల్లో, గ్రంథాలయం బీరువాల్లో ఉన్నాయి. రానివి కనపడవని పైన అన్నది ఇందుకే. తర్వాత ఆ పాత సంపుటాల్ని కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎక్కించాక ఇంకో పని మిగిలింది. అప్పటి పదాలు వేరు, ఇప్పటి మెష్ వేరు. ఒక్కొక్క పాత శీర్షికనీ ఇప్పటి పదానికి జత చేస్తే తప్ప ఆ వ్యాసాలు అక్కడున్నా లేనట్టే.

ఇంత చెప్పాక ఒక ఇబ్బందికరమైన సంగతి దాచడం న్యాయం కాదు. ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్ ఏరోనాటిక్స్ కాలేజీ లైబ్రేరియన్ సిరిల్ క్లెవర్‌డన్‌కి ఒక అనుమానం వచ్చింది. ఇన్ని వర్గీకరణలు, ఇన్ని పదజాలాలు, ఎవరికివారు మాదే గొప్ప అంటున్నారు, ఏది పనిచేస్తోందో ఎవరైనా కొలిచారా అని. 1950ల చివర్లో 18 వేల వ్యాసాల్ని నాలుగు పద్ధతుల్లో ఇండెక్స్ చేయించి, ప్రశ్నలు వేసి, ఏ పద్ధతి ఎన్ని సరైన వ్యాసాల్ని పట్టిస్తోందో లెక్కగట్టాడు. నాలుగూ ఇంచుమించు ఒకేలా వచ్చాయి. 1960లలో రెండోసారి 1,400 వ్యాసాలతో ఇంకా జాగ్రత్తగా చేశాడు. ఈసారి వచ్చిన ఫలితం లైబ్రరీ లోకానికి మింగుడుపడలేదు. వ్యాసంలోంచి యథాతథంగా ఏరిన మామూలు విడి మాటలే అన్నిటికన్నా బాగా పనిచేశాయి. కష్టపడి కట్టిన నియంత్రిత పదజాలాలు వాటి వెనకే నిలిచాయి. ఇవాళ్టి సెర్చ్ ఇంజన్లకి పునాది ఆ ఫలితంలోనే పడిందనవచ్చు.

మరి థిసారస్‌లు దండగా? నాకైతే అలా అనిపించదు. విమానాల రెక్కల మీద గాలి ప్రవాహం గురించి రాసే ఇంజనీర్లందరూ ఇంచుమించు ఒకే భాష మాట్లాడతారు. వైద్యంలో రోగి ఒక మాట, డాక్టరు ఒక మాట, రసాయనశాస్త్రజ్ఞుడు ఒక మాట, మందుల కంపెనీ ఇంకో బ్రాండు పేరు. వ్యవసాయంలో ఊరూరికీ ఒక పేరు. పేర్ల గందరగోళం ఎక్కడ ఎక్కువో అక్కడ పదకోశం విలువ ఎక్కువ. క్లెవర్‌డన్ ఇంకో సంగతి కూడా చూపించాడు. ఉన్నవన్నీ లాగాలని వల వెడల్పు చేస్తే చెత్త కూడా వస్తుంది. చెత్త వద్దని వల బిగిస్తే మంచివి కొన్ని జారిపోతాయి. ఈ రెండింటికీ మధ్య ఎక్కడ నిలబడాలన్నది వెతికేవాడి అవసరాన్నిబట్టి ఉంటుంది.

ఇండెక్సర్లు కూడా మనుషులే. పబ్‌మెడ్ వెనకున్న వైద్య వ్యాసాల డేటాబేసు మెడ్‌లైన్‌లో పొరపాటున రెండుసార్లు ఇండెక్స్ అయిపోయిన 760 వ్యాసాల్ని 1983లో ఇద్దరు పరిశోధకులు పట్టుకుని రెంటినీ పోల్చి చూశారు. ఒకే వ్యాసం, ఒకే పదజాలం, ఇద్దరూ శిక్షణ పొందినవాళ్లే. వ్యాసంలో ముఖ్య విషయం ఏమిటన్న దాంట్లో కూడా పదాలు కలిసింది 61 శాతం దాకానే. మిగతా పదాల్లో అయితే సగం కూడా కలవలేదు. ఆఫీసు చేసిన పొరపాటు నుంచి ఇంత మంచి పరిశోధన రావడం నాకు భలే ముచ్చటేస్తుంది. ఎవరూ పరీక్ష పెట్టలేదు కాబట్టి ఎవరూ జాగ్రత్తపడలేదు, నిజం నిజంలాగే దొరికింది.

గద్దె మీద ఏ మాట కూర్చుంటుందన్నది ఎవరి చేతుల్లో ఉందన్న ప్రశ్న ఒకటి ఉంటుంది. 1960ల్లో ఇండెక్స్ మెడికస్‌లో డౌన్ సిండ్రోమ్ మీద వ్యాసాలు కావాలంటే 'మంగోలిజం' అన్న శీర్షిక కింద వెతకాలి. ఒక జాతి పేరుని జబ్బుకి పెట్టడమే తప్పని డాక్టర్లు, మంగోలియా ప్రతినిధులు మొత్తుకున్నాక ఆ మాట మెల్లగా పోయింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ శీర్షికల్లో ఇలాంటివి ఎన్నున్నాయో ఏరి 1971లో శాన్‌ఫర్డ్ బెర్మన్ అనే లైబ్రేరియన్ ఒక పుస్తకమే వేశాడు. 2014లో డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులు 'ఇల్లీగల్ ఏలియన్స్' అన్న శీర్షిక తీసేయమని అడిగారు. 2016లో గ్రంథాలయం సరేనంది, వెంటనే అమెరికా పార్లమెంటులో గొడవైంది, మార్పు ఆగింది. చివరికి 2021లో 'నాన్‌సిటిజన్స్', 'ఇల్లీగల్ ఇమ్మిగ్రేషన్' అన్న రెండు మాటలు దాని చోటులోకొచ్చాయి. క్యాటలాగ్ కార్డు మీది ఒక్క మాట కోసం చట్టసభ తగువులాడిందంటే, ఆ పెట్టె ఎంత నిశ్శబ్దంగా ఎన్ని తీర్పులు చెబుతోందో ఆలోచించండి.

పేర్ల తగువులో మనకీ ఒక పాఠం తగిలింది. 1995లో అమెరికాలోని ఒక వైద్య విశ్వవిద్యాలయానికి పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంటు ఇచ్చారు. మన ఇళ్లలో కత్తిపీట తెగితే ఎవరూ ఆలోచించకుండా చేసే పని అది. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసింది. 32 ఆధారాలు చూపించాల్సి వచ్చింది, వాటిలో సంస్కృతం, ఉర్దూ, హిందీ రాతలున్నాయి. 1997లో పేటెంటు రద్దైంది. ఇక్కడ పేటెంటు పరీక్షకుడికి దురుద్దేశం అంటగట్టనక్కర్లేదు. అతను తనకు తెలిసిన డేటాబేసుల్లో, తనకు తెలిసిన మాటల్లో వెతికాడు. నిశ, రజని, హరిద్ర అన్న మాటలు అతని జాబితాలో లేవు. గద్దెకి దారి చూపే బోర్డులే లేవన్నమాట.

అందుకే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాల్ని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లో పేటెంటు పరీక్షకులకి అందించడం దాని పని. శ్లోకాల్ని అనువదించడం ఒక ఎత్తు అయితే, ఆ యోగాలకి ఒక వర్గీకరణ కట్టడం ఇంకో ఎత్తు. అప్పటిదాకా అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణలో మొక్కల మందులన్నిటికీ ఇరుకైన ఒక మూల మాత్రమే ఉండేది. పసుపూ వేపా తులసీ అశ్వగంధా ఒకే అరలో కుక్కినట్టు. 2006 నుంచి ఆ అర 200 దాకా గదులుగా పెరిగింది. ఇప్పుడు పేటెంటు పరీక్షకుడు అల్లం, పసుపు కుటుంబానికి ఉన్న గది తెరిస్తే కొంత వెలుతురు పడుతుంది. అమరసింహుడు పసుపుని వైశ్యవర్గంలో పెట్టినప్పుడు, దాని మీద ఇలాంటి వ్యాజ్యం వస్తుందని కలగని ఉండడు.

ఇప్పుడీ పనిలోకి యంత్రాలొచ్చాయి. అమెరికా వైద్య గ్రంథాలయంలో ఇండెక్సర్లకి పదాలు సూచించే ప్రోగ్రాం 2002 నుంచే ఉంది. 2022 నుంచి మెడ్‌లైన్‌లో వ్యాసాలకి మెష్ పదాలు తగిలించడం పూర్తిగా యంత్రమే చేస్తోంది, మనుషులు కొన్నిటిని సరిచూస్తున్నారు. ఏళ్లతరబడి మనుషులు తగిలించిన పదాల్ని చూసే ఆ యంత్రాలు నేర్చుకున్నాయి. 61 శాతమే కలిసే మనుషుల్ని చూసి నేర్చుకున్న యంత్రం ఎవరి పక్షాన ఉంటుందో నాకైతే తెలుసుకోవాలని ఉంది. వ్యాసం అచ్చైన నెలల తర్వాత వచ్చే మెష్ పదాలు ఇప్పుడు ఒక రోజులో వస్తున్నాయన్నది మాత్రం నిజం.

పదజాలాన్ని తయారుచేయడం మాత్రం ఇంకా మనుషుల చేతుల్లోనే ఉంది. ఎయిడ్స్‌కి మెష్‌లో చోటు 1983లో వచ్చింది, జబ్బు మొదట వెలుగులోకి వచ్చిన రెండేళ్లకి. ఆ రెండేళ్లలో రాసిన వ్యాసాలు ఏ ఏ శీర్షికల కింద చెల్లాచెదురయ్యాయో ఊహించుకోవచ్చు. 2020లో ఆ ఆలస్యం భరించేలా లేదు. జనవరిలో వచ్చిన వ్యాసాల్లో ఒకరు 'వూహాన్ న్యుమోనియా' అన్నారు, ఇంకొకరు 'నావెల్ కరోనావైరస్' అన్నారు, చాలామంది '2019-ఎన్‌కోవ్' అని రాశారు. ఫిబ్రవరి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ 'కోవిడ్-19' అని పేరు పెట్టింది. మెష్‌వాళ్లు ఆ తొలి వారాల్లోనే తాత్కాలికంగా ఒక నమోదు తెరిచి, 2021 సంచికలో పూర్తిస్థాయి పదంగా గద్దె ఎక్కించారు. 2019-ఎన్‌కోవ్ అన్న మాట ఇప్పుడెవరికీ గుర్తులేదు, ఎవరూ దాన్ని కొట్టి వెతకరు. కానీ పబ్‌మెడ్‌లో కోవిడ్-19 అని కొడితే, శీర్షికలో ఎక్కడా ఆ పేరు లేని ఆ మొదటి నెల వ్యాసాలు కూడా మిగతావాటితో కలిసి వరసలో వచ్చి నిలబడతాయి.